చెయ్యి తిప్పుకోవడానికి నెమిలి, చదువు చెప్పడానికి మారిషసా?

నాకు పాస్‌పోర్టు వచ్చింది. అరవై రెండేళ్ళ వయసులో, రాయవేలూరు, మద్రాసు, తిరుపతి తప్ప మరో పెద్ద ఊరెరుగని నా పేరిట, మూడు సింహాల ముద్ర ఉన్న నీలం అట్ట పుస్తకం ఇంటికి వచ్చింది. మారిషస్‌లో రెండేళ్ళు ఉండి, అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు ఉచితంగా తెలుగు చెప్పడానికి నేను ఒప్పుకొన్నాను. జీతం లేదు. ఉండడానికి గది, భోజనం, రానుపోను విమానం టిక్కెట్టు పిలిచినవారు చూసుకొంటారు. నా పింఛను ఇక్కడ నా ఇల్లాలికి సరిపోతుంది.

ఈ కబురు తెలిసినప్పటి నుంచి నాకు జరుగుతున్న మర్యాద చూస్తే నవ్వు వస్తున్నది. ముప్పైయొక్క ఏళ్ళు సరిహద్దు బళ్ళలో తెలుగు చెప్పాను. ఒక్క శాలువా కప్పినవారు లేరు. సముద్రం దాటుతున్నాననగానే రెండు నెలల్లో నాలుగు శాలువాలు! సరుకు అదే, అంగడి మారేసరికి ధర పెరిగింది. కప్పినవారి మీద నాకు కోపం లేదు, వారు మంచివారే. కానీ ఈ ప్రయాణ సన్నాహంలో నాకొక దెబ్బ తగిలింది. అది నా ఒక్కడికే తగిలి ఊరుకోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు సన్నాహం సంగతి చెప్పాలి. మారిషస్ తెలుగు పిల్లవాడు ఇంట్లో క్రియోల్ మాట్లాడతాడు. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుతాడు. తెలుగు వాడికి ఇంటిపేరులో ఉన్నది, రామభజనలో ఉన్నది, సింహాద్రి అప్పన్న పూజలో ఉన్నది. రోజువారీ మాటలో లేదు. అటువంటి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అ, ఆ, ఇ, ఈ అంటూ యాభైయారు అక్షరాలూ వరుసగా దిద్దిస్తే బండి ఱ చేరేలోగా పారిపోతాడు. అందుకని ముప్పైయొక్క ఏళ్ళుగా చెప్పిన పాఠాలన్నీ పక్కనపెట్టి కొత్తగా రాసుకొన్నాను. ముందు వినడం, తరువాత అనడం, ఆ తరువాతనే చదవడం. అక్షరాలను వర్ణమాల వరుసలో కాక రూపం పోలికను బట్టి గుంపులు కట్టాను. వ, ప, మ, ష ఒక గుంపు. ద, డ, ధ, థ ఒక గుంపు. ఆరే అక్షరాలతో మొదటి వారంలోనే పిల్లవాడు వల, తల, పలక, పడవ అని తనంతట తాను చదవాలి. చదివితే వాడికి ధైర్యం వస్తుంది. ధైర్యం వస్తే మిగిలిన అక్షరాలు వాడే అడిగి నేర్చుకొంటాడు. నూట ఇరవై బొమ్మల అట్టలు నా చేతితో గీసి, వెనక పదాలు రాశాను. ఇంత శ్రమ నేను నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ పడలేదని ఒప్పుకోవాలి. పడవలసిందని అప్పుడెవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

అట్టలు గీస్తే చాలదు, పిల్లల మీద పెట్టి చూసుకోవాలి. దానికి దూరం పోనక్కరలేదు. మాది అరక్కోణం దగ్గరి నెమిలి. 2019 దాకా వేలూరు జిల్లా, అటు తరువాత రాణిపేట జిల్లా. జిల్లా ఏదయినా, తెలుగు చెవికి మా ఊరి పేరు పడగానే పింఛం విప్పిన పక్షి కనిపిస్తుంది. మా వీధిలో తెలుగు ఇళ్ళకు కొదవ లేదు. సాయంత్రం ఐదున్నరకు మా ఇంటి తిన్నె మీదికి పిల్లలను పంపమని అడిగితే, ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపువారు పద్నాలుగు మంది వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళమో ఇంగ్లీషో. ఒక్కరికి కూడా తెలుగులో తన పేరు రాయడం రాదు.

ఇక్కడ ఒక వింత చెప్పక తప్పదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ప, బ లకు ఒకే అక్షరం. తమిళానికి అది చాలు, అది ఆ లిపికి లోపం కాదు. కానీ మా పిల్లలు ఇంట్లో కాలు వేరుగా, గాలి వేరుగా, పండు వేరుగా, బండ వేరుగా పలుకుతారు. ఆ తేడాను కాగితం మీద చూపించే దారి మాత్రం వాళ్ళకు అంతవరకు ఎవరూ చూపలేదు. క పక్కన గ పెట్టి, ప పక్కన బ పెట్టి చూపిన రోజున ఒక కుర్రవాడు, "అయితే వాద్యారూ, మేము మాట్లాడేదంతా దీంట్లో ఉందే!" అన్నాడు. మారిషస్ పిల్లవాడికి ఈ సంతోషం కలగాలంటే ముందు ఆ మాటలే వాడికి నేర్పాలి. మా పిల్లలకు మాట ఉన్నది, గీత ఒక్కటే లేదు. సగం పని తల్లులు చేసి పెట్టారు. మిగిలిన సగం చేసే దిక్కు లేక ఆ మొదటి సగమూ వృథా అవుతున్నది.

మూడు నెలలు గడిచేసరికి తొమ్మిది మంది గుణింతాలు దాటి చిన్న కథలు చదువుతున్నారు. వారిలో ఒక పాప ఒకనాడు ఇంటి నుంచి ఒక పాత ఉత్తరం తెచ్చింది. పుత్తూరు నుంచి వాళ్ళ అవ్వకు అక్కగారు ఎప్పుడో రాసినది. రాసినామె పోయింది, ఇంట్లో చదివి వినిపించే తాతా పోయాడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ ఉత్తరాలను చదివేవారు లేక పెట్టె అడుగున పడి ఉన్నాయి. పాప తిన్నె మీద కూర్చుని కూడబలుక్కొని చదివింది. ఒత్తులు మేమింకా మొదలుపెట్టలేదు. ఒత్తు వచ్చినచోట పాప ఆగితే, అవ్వ తనకు గుర్తున్న మాట అందించింది. ఇద్దరూ కలిసి ఉత్తరం పూర్తిచేశారు.

అవ్వ కళ్ళు తుడుచుకొని, "ఎప్పుడు అయ్యవారూ మీరు పొయ్యేది?" అని అడిగింది.

"వచ్చే నెల అవ్వా."

"అయితే మా బిడ్డల మీద చెయ్యి తిప్పుకొని, ఆడికి పొయ్యి చెప్తారన్నమాట."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నది. నేను, "అక్కడి పిల్లలకు ఎవరూ లేరవ్వా" అని ఏదో చెప్పాను. చెప్పిన మరుక్షణమే అది అబద్ధమని నాకు తెలుసు.

మారిషస్‌లో ఎవరూ లేకపోవడమేమిటి? అక్కడ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛిక భాషగా చెబుతారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు విభాగం ఉన్నది. 1940వ దశకం నుంచి ఆంధ్ర మహాసభ ఉన్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి. ఉగాది వారికి ప్రభుత్వ సెలవు. తమిళనాడులోనూ ఉగాదికి సెలవే, ఆ మేరకు మన ప్రభుత్వాన్ని తప్పు పట్టనక్కరలేదు. తెలుగుకు సెలవు దొరికింది, పనిదినమే దొరకలేదు.

మారిషస్ తెలుగువారి మీద నాకు గౌరవం ఉన్నది. చెరకు తోటల్లో పనిచేయడానికి 1834 తరువాత కూలీ ఒప్పందాల మీద ఓడలెక్కిన లక్షల మందిలో మనవారూ ఉన్నారు. కోరంగి రేవు నుంచి పోయినందుకు అక్కడివారు మనవారిని కోరంగీలు అన్నారు. పంచెకట్టు తప్ప ఏమీ లేనివారు ఏడెనిమిది తరాలపాటు భజనను, పండుగను నిలుపుకొని, చివరికి బడిలో భాషకు చోటు సంపాదించుకొన్నారు. అటువంటివారు పిలిస్తే పోవడం పుణ్యమే. నా ప్రశ్న వారికి కాదు. వారు దూరాన ఉండి సాధించుకొన్నదానిని, చిత్తూరుకు బస్సు దూరంలో ఉండి మనం ఎందుకు పోగొట్టుకొంటున్నామన్నదే నా ప్రశ్న.

చట్టం లేకనా? 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక నియమం పెట్టింది. బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లల మాతృభాష వేరయినప్పుడు, ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 1956లో రాజ్యాంగానికి ఏడవ సవరణ చేసి 350-ఎ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. 1911లో ఉత్తరార్కాటు నుంచి చిత్తూరు జిల్లాను విడదీసినప్పుడు గీత మాకు ఉత్తరాన పడింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా కూడా గీతకు ఇవతలికి వచ్చింది. 1960లో గీత మారేనాటికే ఈ హక్కులు కాగితం మీద ఉన్నాయి.

నేను పనిచేసిన ఒక బడిలో నేను చేరినప్పుడు తెలుగు చెప్పేవారం నలుగురం. నేను దిగిపోయేనాటికి ఒక్కణ్ణి. నా తరువాత ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అడిగితే, పిల్లలు చేరడం లేదు కనుక ఉపాధ్యాయుడు అక్కరలేదన్నారు. తల్లిదండ్రులను అడిగితే, ఉపాధ్యాయుడు లేడు కనుక చేర్చలేదన్నారు. ఈ రెండు జవాబుల మధ్య ఒక తరం నిరక్షరాస్యమై పోయింది. మా తిన్నె మీద పద్నాలుగు మంది ఉన్నారు, పదికి ఎక్కువే. కానీ వారు వేరువేరు బళ్ళు, వేరువేరు తరగతులు. నియమం దగ్గరికి పోతే వారు ఒక్కొక్కరూ ఒంటరులే.

దీనిమీద 2006లో తమిళ బోధన చట్టం వచ్చింది. ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా ఒక తరగతి పైకి పోతూ, తమిళం మొదటి భాగంగా తప్పనిసరి అయింది. మాతృభాష నాలుగో భాగంలో ఐచ్ఛికమై కూర్చున్నది. న్యాయస్థానాల చుట్టూ తిరిగి పదో తరగతి పిల్లలకు మినహాయింపులు తెచ్చుకొన్నాం. 2023లో సర్వోన్నత న్యాయస్థానం దాకా పోయి మరో యేడాది మినహాయింపు తెచ్చుకొన్నాం. నేనొక మాట స్పష్టంగా చెబుతాను. తమిళం మనకు పగ కాదు. ఈ నేల మీద బతికేవాడు తమిళం నేర్వవలసిందే, మన పిల్లలు హాయిగా నేరుస్తున్నారు కూడా. నా ఇరుగుపొరుగు తమిళులే నా అట్టలకు రంగులు వేసిపెట్టారు. తమిళుని చూసి మనం నేర్చుకోవలసింది చాలా ఉన్నది. 2001లో చెన్నైలో అంతర్జాల విశ్వవిద్యాలయం పెట్టి ప్రవాస తమిళుల పిల్లలకు పాఠాలు పంపిన ప్రభుత్వమే, సొంతగడ్డ మీద ప్రతి పిల్లవాడికీ తమిళం రావాలని చట్టం చేసింది. వారు దూరపు బిడ్డనూ వదలలేదు, ఇంటి బిడ్డనూ వదలలేదు. మనం దూరపు బిడ్డకు పలక పంపుతాం, ఇంటి బిడ్డ చేతిలో పలక ఉన్నదో లేదో చూడం.

ప్రభుత్వాలను అనడం తేలిక. ఇక మన ఇళ్ళ సంగతి చూద్దాం. గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే నా బాల్యమిత్రుడొకడు ఉన్నాడు. మొన్న వాడింటికి పోతే ఫోను తీసి చూపించాడు. అమెరికాలో మనుమరాలు వేమన పద్యం చెబుతున్నది. "విన్నావా రా! వారం వారం క్లాసుకు పోతుంది. ఎవరో సాఫ్ట్‌వేర్ అబ్బాయి, తన ఆదివారం మానుకొని చెబుతాడంట," అని మురిసిపోయాడు. నేనూ మురిశాను. 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలైన నాటి నుంచి అక్కడి యువతీయువకులు స్వచ్ఛందంగా చేస్తున్న పని ఏ ప్రభుత్వమూ చేయలేదు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం ఆ పిల్లలకు పరీక్షలు పెట్టి యోగ్యతాపత్రాలు కూడా ఇస్తూ వచ్చింది. అంతా బాగున్నది. అప్పుడే పక్కగదిలో నుంచి పదేళ్ళ మనుమడు వచ్చాడు. తెలుగులో గలగలా మాట్లాడుతున్నాడు. "వీడికి తెలుగు చదవడం వచ్చునా?" అని అడిగాను. "వీడికెందుకు రా? తమిళం, ఇంగ్లీషు, హిందీ ట్యూషనుకే పొద్దు చాలడం లేదు," అన్నాడు నా మిత్రుడు.

అమెరికా మనుమరాలి తెలుగు ముద్దు, ఇంట్లో మనుమడి తెలుగు మొద్దు! ఈ ఇల్లు ఒక్కటే కాదు. ఈ పత్రిక చదువుతున్న ఎన్ని ఇళ్ళలో ఇదే కథో మీ గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి. "తెలుగు చదివితే అన్నం పెడుతుందా?" అని అడిగే నా మిత్రుడు పలమనేరు, చిత్తూరు అంగళ్ళతో వ్యాపారం చేసే బతుకుతున్నాడు. వాడి లెక్క పుస్తకం రేపు ఎవరు చూడాలి? బడిలో చేర్చేటప్పుడు మాతృభాష అన్న గడిలో, ఎందుకొచ్చిన గొడవ అని, తమిళం అని రాయించే తండ్రులను నేను నా కళ్ళతో చూశాను. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించినవారు 42 లక్షలు, వందకు ఆరుగురికి కొద్దిగా తక్కువ. ఆ సంఖ్య ఉపన్యాసాలకు పనికివస్తుంది. బడి గడిలో మనం రాయని పేరు ప్రధానోపాధ్యాయుడి లెక్కలోకి ఎలా వస్తుంది? పదిమంది లేరని ఆయన రాస్తే ఆయన తప్పా?

విదేశాలకు పోయి చెప్పాలనే ఉత్సాహం మన యువకుల్లో ఇప్పుడు బాగా ఉన్నది. గుడియాత్తం వైపు బి.ఇడి. చదివిన ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, "సార్, నాకూ అక్కడ ఒక అవకాశం చూడండి, జీతం లేకున్నా ఫరవాలేదు," అన్నాడు. "జీతం లేకుండా గుడియాత్తంలో సాయంత్రం రెండు గంటలు చెబుతావా?" అంటే, "ఇక్కడ చెబితే ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. ఆ జవాబుకు మొదట మండిపడ్డాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే వాడు చెప్పినది అక్షరాలా నిజం. మారిషస్ పోయి వస్తే వాడికొక ధ్రువపత్రం ఉంటుంది, ఉద్యోగానికి పోయినచోట ఒక మాట చెప్పుకోవడానికి ఉంటుంది. గుడియాత్తంలో చెబితే ఏముంటుంది? నాలుగు శాలువాలు కప్పించుకొన్న నేను వాణ్ణి తప్పు పట్టే అర్హత ఉన్నవాణ్ణా?

మా ప్రాంతానికి పూర్వం సముద్రం దాటి వచ్చినవారున్నారు. ఆర్కాటు మిషన్ తరఫున వచ్చిన జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లె చేరి, 1908లో చనిపోయేదాకా ఈ సీమనే పట్టుకొని ఉన్నాడు. తెలుగు నేర్చి, తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. రాణిపేటలో 1870లో పుట్టిన ఐడా స్కడర్ అమెరికా పోయి వైద్యం చదివి వచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యశాల మొదలుపెట్టింది. వారి మతప్రచారంతో మనకు పేచీ ఉంటే ఉండవచ్చు. కానీ వచ్చిన చోటు మనుషుల నుడి నేర్చి, జీవితమంతా అక్కడే పెట్టారు. మనవైపు నుంచి పోయినవారూ ఉన్నారు. తిరుత్తణిలో పుట్టి వేలూరులో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడు. ఆయనను చూసి గర్వపడతాం. ఆయన పుట్టిన తిరుత్తణిలో నేడు తెలుగు ఇళ్ళ పిల్లలు ఎందరు తెలుగు చదవగలరో ఎవరూ అడగరు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మారిషస్‌కో అమెరికాకో ఒక స్వచ్ఛంద ఉపాధ్యాయుణ్ణి పంపడానికి చేసే సన్నాహమే ఈ సరిహద్దుకూ చేయమంటున్నాను. అక్కడికి పోయేవానికి శిక్షణ ఇస్తారు, పాఠాలు అచ్చువేసి ఇస్తారు, తిరిగివస్తే సన్మానిస్తారు. గుడియాత్తానికి ఎంతో దూరం లేని కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది. వేసవిలో నెల రోజులు సరిహద్దు యువకులను పిలిచి, తమిళ లిపి మాత్రమే తెలిసిన తెలుగు పిల్లవాడికి తెలుగు ఎలా చెప్పాలో నేర్పి, చివర ఒక ధ్రువపత్రం ఇవ్వడానికి ఏ సముద్రం అడ్డం వచ్చింది? అప్పుడు ఆ బి.ఇడి. కుర్రవాడు ఎవరు చూస్తారని అడగడు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా తెచ్చుకొన్నాం. ఆ హోదాలో ఒక బొమ్మల అట్ట అంత భాగం కూడా మా వీధికి రాలేదు. ప్రవాస సంఘాల పెద్దలకు కూడా ఒక మనవి. నా ఒక్కడి టిక్కెట్టు డబ్బుతో పది తిన్నెల మీద పలకలు, పుస్తకాలు, దీపాలు వస్తాయి.

తల్లిదండ్రులు చేయవలసినది అంతకంటె చిన్నది. వచ్చే జూన్‌లో బడి కాగితం మీద మాతృభాష గడిలో తెలుగు అని రాయించండి. ఒకే బడిలో ఒకే తరగతిలో పదిమంది ఉంటే, పదిమంది తండ్రులూ తల్లులూ సంతకాలు చేసి ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. నోటితో అడిగినది గాలికి పోతుంది.

"మీరొక్కరు ఆగిపోతే ఏమవుతుంది సార్?" అని నన్ను అడిగినవారున్నారు. ఏమవుతుందో నాకు చూపినది ఆ తిన్నె. మారిషస్ మిత్రులకు ఉన్నదున్నట్టు రాశాను. నా తిన్నె మీద కూర్చునేవారు దొరికేదాకా రాలేనన్నాను. వారు పెద్దమనసుతో, ఆగుతాము, మీ అట్టల నమూనాలు మాత్రం ముందు పంపండి, మావాళ్ళే చెబుతారు అని జవాబిచ్చారు. అంటే వారికి నాకంటె నా అట్టలే ముఖ్యమన్నమాట. కొంచెం చిన్నబుచ్చుకొన్న మాట నిజమే. నమూనాలు పంపాను. బి.ఇడి. కుర్రవాడు పోయిన శనివారం గుడియాత్తం నుంచి వచ్చి మూలన కూర్చుని చూసి పోయాడు. ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ వస్తాడో రాడో.

పాస్‌పోర్టు బీరువాలో ఉన్నది. ఒత్తులు మొదలుపెట్టాం. నిన్న ఆ పాప పెట్టెలో నుంచి రెండో ఉత్తరం తెచ్చి, మొదటి పంక్తిలో ‘క్షేమం’ దగ్గర ఆగి నా వైపు చూసింది. క్ష దాకా మేమింకా రాలేదు.